చేతిరాత నుంచి ఖతికి: బాపు అక్షరాలు - ఒక పరిశీలన

పుస్తకాల ముఖపత్రాలమీద, సినిమా ప్రకటనలలో, పెళ్ళి శుభలేఖలలో కనిపించే ఒక తీరు రాతను సామాన్య పాఠకులు సైతం 'బాపు అక్షరాలు' అని గుర్తిస్తారు. అయితే ఈ పేరు నేడు రెండు వేర్వేరు వస్తువులకు చెల్లుతున్నది. ఒకటి, బాపు (1933-2014) స్వహస్తంతో రాసిన అక్షరం. రెండు, ఆ రాతను అనుసరించి కంప్యూటరు కోసం రూపొందిన ఖతి. పరిశోధనలో ఈ రెంటినీ వేరుచేసి చూడవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

చేతిరాతను అచ్చులోకి తెచ్చే ప్రయత్నం కంప్యూటరుతో మొదలైనది కాదు. ఫ్రాన్సులో రోజే ఎక్స్‌కొఫోన్ తన సొంత దస్తూరీ ఆధారంగా రూపొందించిన 'మిస్త్రాల్' టైపును మార్సే నగరంలోని ఒలీవ్ ఫౌండ్రీ 1953లో విడుదల చేసింది. సీసపు అచ్చులు విడివిడి దిమ్మలు. రోమన్ గొలుసుకట్టు రాతలో అక్షరాలు పక్కపక్కన ముడిపడాలి. ఏ అక్షరం పక్కన ఏది వచ్చినా గీత తెగకుండా ఉండేట్లు ప్రతి అక్షరపు మొదలూ తుదీ తీర్చవలసి వచ్చింది. అలవోకగా తోచే ఆ రాత వెనుక ఉన్నది కఠిన నియమమే.

తెలుగు అచ్చులో సమస్య వేరు. మన అక్షరాలు వరుసలో ముడిపడవు. గుణింతపు గుర్తులు, వత్తులు అక్షరానికి పైన, కింద, పక్కన చేరుతాయి. రాసేవారు చోటుంటే వత్తు తోకను పక్క అక్షరం కిందికి సాగదీస్తారు, లేకుంటే కుదిస్తారు. సందర్భాన్నిబట్టి రూపం మారడమే చేతిరాత స్వభావం. ఖతిలో ఆ నిర్ణయం ముందే జరిగిపోతుంది. యూనికోడ్ తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే అయినా, గుణింతాలకూ సంయుక్తాక్షరాలకూ ఖతికర్త సిద్ధం చేయవలసిన రూపాలు అంతకు ఎన్నో రెట్లు.

ఈ భేదం పరిశోధకులకు ఒక ఆనవాలునిస్తుంది. ఒకే శీర్షికలో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చినపుడు ఆ రెంటినీ పోల్చి చూడాలి. చేతితో రాసినవైతే వంపులోనో మందంలోనో తేడా ఉంటుంది. ఖతి అయితే అక్షరాలా అచ్చుగుద్దినట్లుంటాయి. ఒకే అక్షరానికి పలు రూపాలు కూర్చిన ఖతుల విషయంలో ఈ పరీక్ష ఒక్కటే చాలదు. ముద్రణ సంవత్సరాన్నీ, ముఖచిత్రకారుల పేరునూ కూడ సరిచూడాలి.

శుభలేఖలో ఖతి వాడినందువల్ల ఆత్మీయతకు లోటేమీ రాదు. పుస్తక చరిత్రలో మాత్రం లోటు వస్తుంది. పునర్ముద్రణలో ఖతితో కూర్చిన శీర్షికను బాపు స్వహస్తంగా నమోదు చేస్తే, ఆయన చేయని పని ఆయన ఖాతాలో చేరుతుంది; చేసిన పని విలువ మరుగున పడుతుంది. కనుక ముఖచిత్రాల సూచికలలో 'స్వహస్తం', 'ఖతి' అన్న విభాగాలను వేర్వేరుగా చూపడం అవసరం.