బ్లాక్ క్రిస్మస్: ఒకే కథ, మూడు కాలాలు

క్రిస్మస్ సెలవులకు స్వగృహాలకు బయలుదేరనున్న విద్యార్థినులు, దీపాలతో అలంకరించిన వసతి గృహం, ఆ ఇంటి అటకపైకి ఎవరికీ తెలియకుండా చేరిన ఒక హంతకుడు. 'బ్లాక్ క్రిస్మస్' అనే ఆంగ్ల చలనచిత్రానికి ఆధారమైన కథాబీజం ఇది. 1974లో కెనడాలో తొలిసారి వెలువడిన ఈ చిత్రం 2006లోను, 2019లోను రెండు పర్యాయాలు పునర్నిర్మితమైంది. అజ్ఞాత హంతకుడు ఒకరి తరువాత ఒకరిని సంహరించే కథలు గల చిత్రాలను 'స్లాషర్' చిత్రాలంటారు. పండుగ దినాన్ని నేపథ్యంగా గ్రహించిన స్లాషర్ చిత్రాలలో దీనిని తొలి తరానికి చెందినదిగా విమర్శకులు పరిగణిస్తారు.

సరిహద్దు జిల్లాల పాఠకులకు రీమేక్ అనేది కొత్త మాట కాదు. 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర'గాను, 2005లో తమిళంలో 'చంద్రముఖి'గాను రూపొందిన సంగతి విదితమే. అక్కడ ప్రధానంగా మారినది భాష. 'బ్లాక్ క్రిస్మస్' విషయంలో భాష మారలేదు, కాలం మారింది. ఒకే కథను ఒకే భాషలో 32 ఏళ్ల తరువాత, మళ్లీ 45 ఏళ్ల తరువాత చెప్పవలసి వచ్చినప్పుడు దేనిని నిలుపుకోవాలి, దేనిని విడిచిపెట్టవచ్చు? ఈ ప్రశ్నకు రెండు పునర్నిర్మాణాలు రెండు భిన్నమైన సమాధానాలిచ్చాయి.

మూలచిత్రం

మూలచిత్రానికి దర్శకుడు బాబ్ క్లార్క్, రచయిత రాయ్ మూర్. చిత్రీకరణ టొరంటో నగరంలో జరిగింది. కథానాయిక జెస్ పాత్రను, 1968 నాటి 'రోమియో అండ్ జూలియట్'లో జూలియట్‌గా ప్రసిద్ధి పొందిన ఒలీవియా హస్సీ ధరించింది. అనంతర కాలంలో 'సూపర్‌మ్యాన్' చిత్రంతో పేరు గడించిన మార్గో కిడ్డర్, ఆండ్రియా మార్టిన్, కేర్ డల్లియా, జాన్ సాక్సన్ ఇతర ముఖ్య పాత్రధారులు. ఇదే క్లార్క్ 1983లో 'ఎ క్రిస్మస్ స్టోరీ' అనే హాస్యచిత్రాన్ని తీశాడు. అమెరికాలో కుటుంబసమేతంగా చూసే పండుగ చిత్రాలలో అది ఒకటి. ఒకే దర్శకుడు ఒకే పండుగపై ఇంతటి విరుద్ధ స్వభావం గల రెండు చిత్రాలను తీయడం విశేషం.

కథ ఇట్లు సాగుతుంది. విద్యార్థినుల సంఘానికి చెందిన వసతి గృహానికి కొంతకాలంగా అసభ్యమైన ఫోన్లు వస్తుంటాయి. క్లేర్ అనే యువతిని హంతకుడు ఆమె గదిలోనే చంపి, శవాన్ని అటకపై ఊగుడు కుర్చీలో కూర్చోబెడతాడు. మరునాడు కుమార్తెను తీసుకొనిపోవడానికి వచ్చిన తండ్రి ఎంతసేపు ఎదురుచూచినా ఆమె రాదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేస్తే, ఆమె ఏ స్నేహితునితోనో వెళ్లి ఉంటుందని అక్కడి సార్జెంటు తేలికగా కొట్టిపారేస్తాడు. అదే ఊరిలో మరొక బాలిక కూడా కనిపించకపోవడం, క్లేర్ స్నేహితుడు ఆగ్రహంతో స్టేషనుకు రావడం జరిగిన పిమ్మటనే లెఫ్టినెంట్ ఫుల్లర్ అనే అధికారి విషయాన్ని గంభీరంగా స్వీకరిస్తాడు.

దీనితో పాటు మరొక కథ నడుస్తుంది. గర్భవతి అయిన జెస్ బిడ్డను కనదలచుకోలేదని తన ప్రియుడు పీటర్‌తో చెబుతుంది. సంగీత విద్యార్థి అయిన పీటర్ ఆమె నిర్ణయాన్ని అంగీకరించలేక ఆమెను బెదిరిస్తాడు. ప్రేక్షకునికి కూడా అతనిపై అనుమానం కలుగుతుంది. తుదకు పీటరే హంతకుడని భ్రమించి నేలమాళిగలో జెస్ అతనిని చంపివేస్తుంది. పోలీసులు కేసు ముగిసిందని తలచి, మత్తుమందు ప్రభావంతో నిద్రిస్తున్న ఆమెను ఆ ఇంటిలోనే ఉంచుతారు. అటకపై శవాలు ఎవరి కంటా పడవు. మళ్లీ ఫోను మ్రోగుతూండగా చిత్రం ముగుస్తుంది.

టెలిఫోను పాత్ర

ఈ చిత్రంలో అన్నిటికంటె ప్రసిద్ధమైన ఘట్టం ఫోను ఆచూకీ తీయడం. ఆనాటి అనేక టెలిఫోను ఎక్స్ఛేంజీలలో కంప్యూటర్లు లేవు. తిప్పిన ప్రతి అంకెకు ఒక్కొక్క యాంత్రిక స్విచ్చి కదిలి రెండు లైన్లను కలిపేది. ఫోను చేసినవారెవరో కనుగొనవలెనంటే, మాట సాగుతున్నంతలోనే సాంకేతిక ఉద్యోగి ఆ స్విచ్చీల వరుసల వెంట పరుగెత్తి, కలిసిన తీగెను ఒక్కొక్క మెట్టుగా వెనుకకు వెదకవలసి ఉండేది. ఫోను పెట్టివేస్తే జాడ తెగిపోతుంది. అందుచేత జెస్ ఆ భయంకరమైన మాటలను వింటూనే ఫోను పట్టుకొని ఉండవలసి వస్తుంది. చివరికి తేలిన సత్యం ఏమంటే, ఆ ఫోన్లు బయటినుండి కాదు, అదే ఇంటిలోని మరొక లైనునుండి వస్తున్నాయి.

హంతకుని ముఖం చిత్రంలో ఎక్కడా పూర్తిగా కనిపించదు. తలుపు సందులోనుండి ఒక కన్ను మాత్రమే కనిపిస్తుంది. కెమెరాను భుజానికి అమర్చుకొని, హంతకుని చూపే ప్రేక్షకుని చూపు అయ్యేటట్లు కొన్ని దృశ్యాలను తీశారు. సంగీతకారుడు కార్ల్ జిట్రర్ పియానో తీగెలకు ఫోర్కులు, దువ్వెనలు, కత్తులు కట్టి వికృతమైన నాదాన్ని పుట్టించాడు. వాకిట బాలబాలికలు క్రిస్మస్ గీతాలు ఆలపిస్తూండగా మేడపైన హత్య జరిగే ఘట్టంలో ఆ పాటలు అరపును మ్రింగివేస్తాయి. 1978లో వెలువడిన జాన్ కార్పెంటర్ చిత్రం 'హాలోవీన్'లోనూ హంతకుని చూపుతో ఆరంభం, పండుగ రాత్రి నేపథ్యం కనిపిస్తాయి.

1978 జనవరిలో ఫ్లోరిడాలోని ఒక విద్యార్థినుల వసతి గృహంలో నిజంగానే హత్యలు జరిగాయి. అదే నెలలో ఈ చిత్రాన్ని ప్రసారం చేయనున్న అమెరికన్ టెలివిజన్ సంస్థ ఎన్‌బిసి, ఆ పరిసర రాష్ట్రాల కేంద్రాలకు మరొక చిత్రాన్ని ప్రసారం చేసుకొనే వెసులుబాటు కల్పించింది.

2006 నాటి పునర్నిర్మాణం

గ్లెన్ మోర్గన్ దర్శకత్వంలో కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో నిర్మితమైన రెండవ చిత్రం అమెరికాలో సరిగ్గా 2006 డిసెంబరు 25న విడుదలైంది. పవిత్ర దినాన ఇటువంటి చిత్రాన్ని విడుదల చేయడాన్ని కొన్ని క్రైస్తవ సంఘాలు ఆక్షేపించాయి. కేటీ కాసిడీ, మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్, మేరీ ఎలిజబెత్ విన్‌స్టెడ్ ముఖ్య పాత్రధారిణులు. మూలచిత్రంలో విద్యార్థినిగా నటించిన ఆండ్రియా మార్టిన్ ఇందులో వసతి గృహ సంరక్షకురాలిగా కనిపిస్తుంది. బాబ్ క్లార్క్ కార్యనిర్వాహక నిర్మాతలలో ఒకడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆయన కారు ప్రమాదంలో మరణించాడు.

మూలం దాచినదంతా ఈ చిత్రం విప్పి చెప్పింది. హంతకుడు బిల్లీ కాలేయ వ్యాధితో పసుపుపచ్చని చర్మంతో జన్మించాడని, తల్లి అతనిని ద్వేషించి అటకపై బంధించిందని, ఒక క్రిస్మస్ నాడు అతడు ఆమెను చంపి పిచ్చాసుపత్రి పాలయ్యాడని, ఆ ఇల్లే పిదప వసతి గృహమయిందని వివరంగా చూపింది. మొబైలు ఫోన్లు వచ్చిన కాలం కనుక హంతకుడు హతుల ఫోన్లనుండే మాట్లాడతాడు. రక్తపాతం పెరిగింది. జెస్ గర్భం, ఆమె నిర్ణయం, పోలీసుల నిర్లక్ష్యం వంటి అంశాలు తొలగిపోయాయి. అటకపై ఉన్నది ఎవరో తెలియనంతవరకే అటక భయపెడుతుంది. అతని బాల్యమంతా తెలిసిన తరువాత భయం స్థానంలో జుగుప్స మిగిలింది. విమర్శకులు చిత్రాన్ని ఆదరించలేదు. ప్రపంచవ్యాప్తంగా వసూళ్లు 2 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

2019 నాటి పునర్నిర్మాణం

మూడవ చిత్రానికి సోఫియా టకాల్ దర్శకురాలు. ఏప్రిల్ వుల్ఫ్‌తో కలిసి ఆమెయే రచన చేసింది. బ్లమ్‌హౌస్ సంస్థ న్యూజిలాండ్‌లో నిర్మించిన ఈ చిత్రం 2019 డిసెంబరు 13న, శుక్రవారం నాడు, అమెరికాలో విడుదలైంది. ఇమోజెన్ పూట్స్ పోషించిన రైలీ అనే విద్యార్థిని గతంలో అత్యాచారానికి గురైంది. నేరస్థుడు పలుకుబడి గల విద్యార్థి సంఘానికి నాయకుడు కావడం వల్ల ఆమె మాటను ఎవరూ నమ్మలేదు. స్నేహితురాలు కనిపించడం లేదని చెప్పినప్పుడు కూడా కళాశాల భద్రతా ఉద్యోగి ఆమె మాటకు విలువనివ్వడు. ఈసారి బెదిరింపులు ఫోనులో మాటలుగా కాక, కళాశాల స్థాపకుని పేరిట సందేశాలుగా వస్తాయి. హంతకుడు ఒక్కడు కాదు. స్థాపకుని శిలావిగ్రహంనుండి స్రవించే నల్లని ద్రవం ఆవహించిన యువకుల బృందం అది.

పాత్రల పేర్లు, సంఘటనలు చాలవరకు కొత్తవే అయినా, మూలచిత్రపు ప్రశ్నను ఈ చిత్రమే తిరిగి చేతపట్టింది. ఆడపిల్ల చెప్పిన మాటను వినవలసిన వారు వినకపోతే ఏమవుతుంది అన్నదే ఆ ప్రశ్న. అయితే 1974లో ఆ ప్రశ్న కథలోనుండి దానంతటదే వెలికి వచ్చింది. స్టేషనులో తండ్రి నిస్సహాయంగా నిలబడిన దృశ్యం చాలింది. 2019లో పాత్రలు దానిని పదే పదే మాటలలో చెబుతాయి. పైగా దోషాన్ని నల్లని ద్రవపు మహిమకు అంటగట్టడంతో మనుషుల బాధ్యత పలచబడింది. ఉద్దేశం మంచిదేనని, నిర్వహణ బలహీనమని పలువురు విమర్శకులు భావించారు. సుమారు 50 లక్షల డాలర్ల వ్యయంతో తీసిన ఈ చిత్రం 1.8 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది.

కుటుంబ ప్రేక్షకులకు సూచన

పేరులో క్రిస్మస్ ఉన్నప్పటికీ ఈ మూడింటిలో ఏదీ క్రీస్తు జననానికి సంబంధించిన కథ కాదు, ఏదీ పిల్లల చిత్రం కాదు. మొదటి రెండింటికి అమెరికాలో 'ఆర్' శ్రేణి లభించింది. 17 ఏళ్ల లోపువారు పెద్దల తోడు లేకుండా చూడరాదని దాని అర్థం. 2019 చిత్రానికి 'పిజి-13' శ్రేణి, అనగా 13 ఏళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించవలెనన్న హెచ్చరిక లభించింది. మూలచిత్రంలో రక్తం తక్కువే గాని ఫోను సంభాషణలు మిక్కిలి అశ్లీలమైనవి. 2006 చిత్రంలో బాలునిపై జరిగే హింస, లైంగిక దుర్మార్గం ఉన్నాయి గనుక అది ఇంటిల్లిపాదీ కూర్చొని చూడదగినది కాదు. 2019 చిత్రంలో రక్తపాతం తక్కువైనా అత్యాచార ప్రస్తావన కథకు కేంద్రం.

మూడింటినీ చూడదలచిన వయోజనులు 1974 చిత్రంతో ఆరంభించడం ఉచితం. తరువాతి రెండూ దేనిని విడిచిపెట్టాయో, దేనిని నిలుపుకున్నాయో అప్పుడే తెలిసివస్తుంది. కాలేజీ వసతి గృహాలలో ఆడపిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులకు ఇందులో హంతకునికంటె గుర్తుండవలసిన పాత్ర ఆ సార్జెంటు. మొదటి ఫిర్యాదునాడే ఆయన కాగితం అందుకొని ఆ ఇంటిని అటక వరకు సోదా చేయించి ఉంటే, క్లేర్‌ను బ్రతికించలేకపోయినా మిగిలిన ప్రాణాలు దక్కేవి.