తెలుగు రాత, యంత్రం, యాజమాన్యం: నందిపేట్ వైపు నుండి ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో కంప్యూటరు ప్రవేశాన్ని గురించిన రచనలు సాధారణంగా హైదరాబాదులోనో అమెరికాలోనో మొదలై అక్కడే ముగుస్తాయి. పరిశ్రమ అక్కడ ఉన్నది గనుక అది సహజమే. అయితే ఒక సాధనం ఎవరి అధీనంలో ఉన్నదన్న ప్రశ్న వచ్చినప్పుడు, దానిని తయారుచేసిన చోటుకన్న వాడుకొన్న చోట సమాధానం స్పష్టంగా దొరుకుతుంది. నిజామాబాదు జిల్లాలో శ్రీరామసాగర్ జలాశయాన్ని ఆనుకొని ఉన్న నందిపేట్ మండలం పసుపు పండే సీమ. ఇక్కడి రైతుకు యంత్రంతో సంబంధం ప్రధానంగా మూడు చోట్ల ఏర్పడింది: శుభలేఖ అచ్చువేయించుకొన్న డి.టి.పి. దుకాణంలో, సరుకు అమ్ముకొన్న మార్కెట్ యార్డులో, ఓటు వేసిన కేంద్రంలో. మూడింటిలోనూ ప్రశ్న ఒకటే. యంత్రం లోపల రాసి ఉన్న నియమాన్ని ఎవరు చదవగలరు, ఎవరు మార్చగలరు? ఈ ప్రశ్ననే ఆధారంగా చేసుకొని తెలుగు సాఫ్ట్‌వేరు చరిత్రలోని కొన్ని ఘట్టాలను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

డి.టి.పి. దుకాణంతో ప్రారంభిద్దాం. మండల కేంద్రాలలో శుభలేఖలు, కరపత్రాలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు, సంఘాల తీర్మానాలు చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఖతులతో తయారయ్యాయి. ఈ పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు అన్నదే తెలియదు. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరపు ముక్కలను అమర్చి ఉంచుతారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, క్రింద వచ్చే ఒత్తు మరొక చోట ఉంటాయి. టైపు చేసే వ్యక్తి ఆ ముక్కలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి, కంటికి తెలుగుగా కనిపించేటట్లు చేస్తాడు. పాత అచ్చుకూటంలో కంపోజిటరు సీసపు ముక్కలతో చేసిన పని ఇదే. ఖతి ఉన్నంతవరకు పాఠం తెలుగు. దానిని తీసివేస్తే మిగిలేది అర్థంలేని రోమన్ గుర్తుల వరుస. అందులో ఒక పదాన్ని వెదకలేము, పదాలను అకారాదిగా అమర్చలేము, మరొక కంపెనీ ఖతిలోకి నేరుగా మార్చలేము. ఒక్కొక్క పత్రిక, ఒక్కొక్క సాఫ్ట్‌వేరు తనదైన అమరికను వాడుకొన్నందువల్ల తొంభయ్యో దశకంలో తెలుగుకు ఒక లిపి ఉండి, కంప్యూటరులో మాత్రం పదుల కొద్దీ రహస్య లిపులు ఏర్పడ్డాయి.

ఉమ్మడి ప్రమాణం లేకపోవడంవల్ల ఇట్లా జరిగిందని కొందరు అంటారు. ఆ మాట చారిత్రకంగా నిలువదు. భారతీయ భాషలకు ఇస్కీ అనే సంకేత విధానం 1988 నాటికే ఉన్నది. 1991లో అది భారతీయ ప్రమాణాల సంస్థవారి 13194వ ప్రమాణంగా వెలువడింది. తెలుగు కకారానికీ, నాగరి కకారానికీ ఒకే సంఖ్యనిచ్చి, రూపాన్ని లిపికి వదిలిన విధానమది. బ్రాహ్మీ సంతతి లిపులన్నింటికీ వర్ణక్రమం ఒకటే అన్న మన వ్యాకరణ సంప్రదాయపు ఎరుకను యంత్రానికి నేర్పిన ప్రయత్నంగా దానిని గుర్తించాలి. అదే 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు భారతీయ లిపుల అమరికకు 1988 నాటి ఇస్కీనే ఆధారంగా తీసుకొని, తెలుగుకు 128 స్థానాల గడిని కేటాయించింది. ప్రమాణం ఉన్నది, వాడకం మాత్రం లేదు. ఖతిని అమ్మేవానికి తన అమరిక రహస్యంగా ఉండడమే లాభం. ఒకసారి ఆ ఖతిలో వేల పుటలు టైపు చేసినవాడు మరొకచోటికి పోలేడు.

ఇదే కాలంలో సముద్రానికి ఆవల మరొక ధోరణి నడిచింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పథకాన్ని ప్రకటించాడు. ప్రోగ్రాము మూలపాఠాన్ని చదవడానికి, మార్చడానికి, పంచడానికి ఎవరికైనా హక్కు ఉండాలనీ, మార్చి పంచినవారు ఆ హక్కును తరువాతివారికి కూడ ఇవ్వాలనీ చెప్పే గ్నూ సార్వజనిక అనుమతి పత్రం 1989లో వచ్చింది. 1991లో హెల్సింకిలో చదువుకొంటున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించాడు. ఈ వాతావరణంలోనే, అమెరికా విశ్వవిద్యాలయాలలోని తెలుగు విద్యార్థులు తమ భాషకు పనిముట్లు చేసుకొన్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్.టి.ఎస్. పేరుతో వ్యాపించింది. డొనాల్డ్ నూత్ సృష్టించిన టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థకు ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ తెలుగు ఖతులను సమకూర్చారు.

ఆర్.టి.ఎస్. చూడడానికి తెలుగు కాదు, రోమన్ అక్షరాలలో రాసిన తెలుగు. సంప్రదాయవాదులు దానిని చిన్నచూపు చూసిన మాట నిజమే. కాని చరిత్రకారుడు గమనించవలసినది వేరే ఉన్నది. ఆర్.టి.ఎస్. నియమాలు బహిరంగం. ఏ రోమన్ అక్షరం ఏ తెలుగు ధ్వనికి సంకేతమో అందరికీ తెలుసు. కాబట్టి ఆ పద్ధతిలో రాసిన పాఠం కొద్ది పంక్తుల ప్రోగ్రాముతో పూర్తిగా యూనికోడ్‌లోకి వస్తుంది. దీనికి భిన్నంగా, అదే దశకంలో అచ్చమైన తెలుగు రూపంతో మెరిసిన పత్రికల కంప్యూటరు ప్రతులు ఖతి రహస్యంలో చిక్కుకొనిపోయాయి. కంటికి పరాయిగా కనిపించిన రాత నిలిచింది, స్వంతంగా కనిపించిన రాత నిలవలేదు.

ఆ చిక్కును విప్పిన పని వెన్న నాగార్జునది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిన ఆయనే పద్మ అనే పరివర్తన సాధనాన్ని రాశారు. పత్రికల వెబ్‌సైట్లు వాడే ఖతుల అమరికలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏ గుర్తు ఏ అక్షరపు ముక్కో పట్టికలు కట్టి, ఆ పుటలను యూనికోడ్‌లో చూపించే సాధనమది. తాళపత్రాన్ని చదివే పండితుడు లేఖకుని అలవాట్లను గుర్తుపట్టినట్లే, ఈ పనికి ప్రతి ఖతి కర్త అలవాటునూ గుర్తుపట్టవలసి వచ్చింది. ముందు వచ్చే ఏత్వాన్ని హల్లు తరువాతికి జరపడం, రెండు ముక్కలుగా టైపు చేసిన ఘకారాన్ని ఒకటిగా పోల్చుకోవడం వంటివన్నీ లిపిశాస్త్ర సమస్యలే. మూలపాఠం బహిరంగంగా ఉన్నందువల్ల పద్మ అంతటితో ఆగలేదు. 2006లో వీవెన్ వెలువరించిన లేఖిని దానిపైననే ఆధారపడింది. తెలుగు మీటల అమరిక రానివారు జాలంలో తెలుగు రాయడానికి ఆ పుట తోడ్పడింది. ఒకరి పని మీద మరొకరు అనుమతి కోసం ఎదురుచూడకుండా కట్టడం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఖతుల విషయం కూడ ఇటువంటిదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఖతి తెలుగును తెరపైకి తెచ్చింది కాని అది ఒక కంపెనీ సొత్తు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు స్వేచ్ఛానుమతితో లినక్స్ పంపిణీలలో చేరాయి. తరువాతి కాలంలో సిలికానాంధ్ర ద్వారా మండలి, గిడుగు, సురవరం, రామభద్ర మొదలైన ఖతులు బహిరంగ ఖతి అనుమతి పత్రం క్రింద వెలువడ్డాయి. ఖతి పేర్లలో గిడుగువారూ సురవరంవారూ ప్రక్కప్రక్కన నిలవడం చూస్తే సంతోషం కలుగుతుంది.

ఇక్కడ ఒక పదచర్చ అవసరం. ఆంగ్లంలో స్వేచ్ఛకూ, వెల లేకపోవడానికీ ఒకే మాట ఉన్నందున స్టాల్‌మన్ అనుచరులు ఆ రెంటినీ విడదీసి చెప్పడానికి నలభై ఏండ్లుగా శ్రమపడుతున్నారు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. హైదరాబాదు కేంద్రంగా ఏర్పడి, గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన ఉద్యమ సంస్థ తన పేరునే స్వేచ్ఛ అని పెట్టుకొన్నది. స్థానికీకరణ చేసిన ఔత్సాహికులు పరిభాషను కూడ నిర్మించారు. ఖతి, జాలం, విహారిణి, వాడుకరి వంటి మాటలు ఏ అకాడమీ సంఘంలోనూ పుట్టలేదు. తెలుగు వికీపీడియాలో ఫైలుకు స్థిరపడిన పేరు 'దస్త్రం'. రెవెన్యూ కచేరీలలో నలిగిన ఈ మాట నిజామాబాదు రైతుకు తాతల నాటి పరిచయం. పుస్తకాల సంస్కృత పరిభాష పలకని చోట ఈ పాత మాట హాయిగా పలుకుతుంది. పరిభాషా నిర్మాణంపై పరిశోధించేవారు ఈ ఔత్సాహికుల చర్చలను ఇంకా తగినంతగా పట్టించుకోలేదన్నది నా అభిప్రాయం.

ఇక మార్కెట్ యార్డు. 2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, తొలి జాబితాలో నిజామాబాదు ఉన్నది. నందిపేట్, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల పసుపు చేరేది ఆ యార్డుకే. గేటు దగ్గర సరుకు వివరం కంప్యూటరులో ఎక్కుతుంది, కుప్పకు ఒక లాట్ నంబరు వస్తుంది, వ్యాపారులు కొమ్మును, మండను చూసి కంప్యూటరులోనో ఫోనులోనో ధర వేస్తారు, నిర్ణీత సమయానికి ఎక్కువ ధర వేసినవాని పేరు తేలుతుంది, ఆపైన తూకం, పట్టీ. ఒకరి ధర మరొకరికి కనిపించకపోవడం ఇందులోని ముఖ్య నియమం. బహిరంగ వేలంలో కొందరు కలిసి ధరను నొక్కిపెట్టడాన్ని ఇది కష్టతరం చేస్తుంది. ఈ పథకం అమలుకు నిజామాబాదు జిల్లా 2017లో ప్రధానమంత్రి పురస్కారం పొందింది.

ఈ సాఫ్ట్‌వేరును హైదరాబాదుకు చెందిన నాగార్జున ఫర్టిలైజర్స్ సంస్థ రూపొందించింది. రాష్ట్రాలకు దానిని ఉచితంగా ఇచ్చారు. పై పదచర్చ ఇక్కడ పనికివస్తుంది. ఉచితంగా ఇవ్వడమంటే రైతుకో మార్కెట్ కమిటీకో దాని నియమాలను చదివి చూసుకొనే స్వేచ్ఛ ఇచ్చినట్లు కాదు. అడ్తిదారు చిట్టాలో అన్యాయం ఉండవచ్చు. కాని లెక్క వచ్చిన రైతుబిడ్డ దానిని కూడి చూడగలిగేవాడు. కొత్త వ్యవస్థలో న్యాయం ఎక్కువే కావచ్చు, కూడి చూసే వీలు మాత్రం తగ్గింది. దీనిని నేరారోపణగా తీసుకోనవసరం లేదు. ప్రజాధనంతో నడిచే వ్యవస్థల మూలపాఠం ప్రజలకు కనిపించాలా అన్న చర్చకు తెలుగు నేలపై ఇంతకన్న దగ్గరి ఉదాహరణ లేదని మాత్రమే నా భావం.

యంత్రంలో ఎవరో ఎప్పుడో రాసిన ఒక అంకె జనజీవితానికి హద్దు కావడమన్నది 2019 ఏప్రిల్ 11న ఈ ప్రాంతమే చూసింది. పసుపు బోర్డు కోసం, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కోసం 170 మందికి పైగా రైతులు నిజామాబాదు లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. అభ్యర్థులు మొత్తం 185 మంది. అంతకుముందరి తరం ఓటింగు యంత్రానికి 64 పేర్లే పరిమితి. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు, అటువంటివి నాలుగు మాత్రమే. మూడవ తరం యంత్రంలో 24 యూనిట్లు కలపవచ్చు గనుక, 12 యూనిట్లను వరుసగా అమర్చి ఎన్నిక జరిపారు. 1996లో ఫ్లోరైడు సమస్యపై నల్లగొండలో 480 మంది పోటీ చేసినప్పుడు బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. కాగితం లావెక్కింది గాని కాదనలేదు. 24 యూనిట్లకు 384 మీటలు. నల్లగొండ సంఖ్య నేటి యంత్రంలో కూడ పట్టదు. ప్రోగ్రాములు రాసేవారికి ఇటువంటి పరిమితి నిత్యానుభవం. అది ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. పెట్టినవారు దానిని బయటికి చెప్పారా లేదా అన్నదే తేడా. ఇక్కడ ఆ సంఖ్య బహిరంగంగా తెలిసినదే కావడం మంచిదయింది.

చివరిగా నిలువ సంగతి. రాజ్‌రెడ్డిగారి మిలియన్ పుస్తకాల పథకంలో భాగంగా నడిచిన భారత డిజిటల్ గ్రంథాలయంలో వేల తెలుగు గ్రంథాల ఛాయాప్రతులు చేరాయి. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ దానికొక ప్రధాన కేంద్రం. 2016, 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైట్లు మూతపడ్డాయి. నేడు ఆ గ్రంథాలు పరిశోధకులకు దొరుకుతున్నాయంటే, అంతలోపల వాటి నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరినందువల్లనే. అంతకుముందు 2014లో ఆర్కుట్ మూతపడినప్పుడు అందులోని తెలుగు సాహిత్య సంభాషణలకు అటువంటి అదృష్టం పట్టలేదు.

స్వంత సర్వరు నడుపుకోవాలనే వాదానికి ఆధారం ఇటువంటి అనుభవాలే. 2005లో టోర్వాల్డ్స్ సృష్టించిన గిట్ అనే సాధనంలో ప్రతి నకలూ సంపూర్ణం. ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చారో ప్రతి నకలులోనూ ఉంటుంది. పాఠాంతరాలను పట్టిక వేసే మన పరిష్కర్తలకు ఇది వెంటనే బోధపడే ఊహ. తాళపత్ర యుగంలో గ్రంథం బ్రదికినది ఏదో ఒక భాండాగారం గట్టిగా ఉన్నందువల్ల కాదు. ఊరూరా నకళ్లు ఉన్నందువల్ల. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను పోగుచేయగలిగినది అవి అనేకుల ఇండ్లలో ఉన్నందువల్లనే. అయితే ప్రతివాడూ స్వంత సర్వరు నడపాలనడం అత్యుత్సాహం. కరెంటు, డిస్కుల మార్పు, భద్రతా సవరణలు నిత్యం కనిపెట్టుకొని ఉండవలసినవి, పసుపు ఉడకబెట్టే రోజుల్లో రైతును ఆ పనికి కూర్చోబెట్టలేము. ఆర్మూరు రైతు ధర నచ్చకపోతే సరుకు కట్టుకొని మహారాష్ట్రలోని సాంగ్లీకి పోతాడు. సాంగ్లీకి రోజూ పోనక్కరలేదు, పోగలగడం ముఖ్యం. సమాచారానికి కూడ అంతే. సులువుగా ఎత్తి మరొకచోట దించగల రూపంలో అది ఉంటే, ఎవరి యంత్రంపై ఉన్నదన్న ప్రశ్నకు తీవ్రత తగ్గుతుంది.

ఈ దృష్టితో తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటి ఉన్నది. 1990 తరువాత సమర్పించిన సిద్ధాంత వ్యాసాలు, పరిశోధన పత్రికల సంచికలు, స్థానిక కవుల సంపుటాలు ఎన్నో పేజ్‌మేకర్ దస్త్రాలుగా ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేరుకు 2001లో వచ్చిన 7.0 కూర్పే చివరిది. దానిని నడపగల పాత కంప్యూటర్లు నందిపేట్ వంటి ఊళ్ల డి.టి.పి. దుకాణాలలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, ఆ ఖతుల మీటలు వేళ్లకు అలవాటైన ఆపరేటర్లు ఇంకా పని చేస్తున్నారు. పద్మ కోసం వెన్న నాగార్జున కట్టిన పట్టికల వంటివి మిగిలిన ఖతులకు కూడ కట్టడానికి వారి జ్ఞానం కావాలి. ఒక్కొక్క శాఖ తన జిల్లాలోని దుకాణాలను సర్వే చేసి, దస్త్రాలను వాటి ఖతులతో సహా ముందు నకలు తీసి పెట్టుకోవడంతో ఈ పని మొదలుకావాలి. పరివర్తన తరువాతైనా చేయవచ్చు.