గ్రామీణ రహదారుల నిధులపై పర్యవేక్షణ: తనిఖీ ఎప్పుడు జరగాలి?

ప్రజాధనంతో వేసే రోడ్లపై పర్యవేక్షణ అనగానే ఎవరు తనిఖీ చేయాలన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఏ దశలో తనిఖీ చేయాలన్నది అంతకంటే కీలకమని ఈ వ్యాసం వాదన. ఇందుకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

2000 డిసెంబరు 25న మొదలైన ఈ పథకం మైదాన ప్రాంతాల్లో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా దాటిన ఆవాసాలకు రోడ్డు వేయాలని సంకల్పించింది. 2015-16 నుంచి చాలా రాష్ట్రాల్లో ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తున్నాయి. నాణ్యత తనిఖీ మూడంచెలది. పని చేయించే ఇంజినీర్లది మొదటి అంచె, రాష్ట్ర పర్యవేక్షకులది రెండోది, ఢిల్లీ నుంచి నియమితులై వచ్చే జాతీయ పర్యవేక్షకులది మూడోది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లపాటు నిర్వహణ చూడాలన్న షరతు ఒప్పందంలోనే ఉంటుంది. కాగితం మీద ఇంత పకడ్బందీ ఏర్పాటు మన గ్రామీణ పథకాల్లో అరుదు.

చిక్కంతా రోడ్డు స్వభావంలోనే ఉంది. మట్టికట్ట మీద గ్రావెల్, దానిపై కంకర, అన్నిటికీ పైన బీటీ, అంటే తారు పొర. ఒక పొర పడిందంటే దాని కిందిది కంటికి కనబడదు. పూర్తయిన రోడ్డు మీదికి వచ్చిన పర్యవేక్షకుడు గొయ్యి తవ్వించి, అంచున టేపు పెట్టి పొరల మందం కొలుస్తాడు. ఆ గొయ్యి ఆ ఒక్క చోటి నిజమే చెబుతుంది. మిగతా రోడ్డుకు ఆధారం కొలతలు రాసే పుస్తకం, అంటే ఎం-బుక్కే. పొడవు, వెడల్పు, మందం అందులో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) రాస్తాడు, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ) సరిచూస్తాడు, ఆ అంకెల మీదే బిల్లు లేస్తుంది. కంకర మందం కాస్త ఎక్కువ రాస్తే వచ్చే నష్టం ఏ రసీదులోనూ దొరకదు. మూడో వానకాలానికి గుంతల్లో కనబడుతుంది.

ఆడిట్ ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఈ పథకంపై కాగ్ ఇచ్చిన 2016 నాటి 23వ నివేదిక 2010-11 నుంచి 2014-15 వరకు జరిగిన పనులను పరిశీలించింది. 2010లో పూర్తయిన రోడ్డుకు కాంట్రాక్టరు బాధ్యత 2015తోనే తీరిపోతుంది. అంటే తప్పు బయటపడే నాటికి దాన్ని సరిదిద్దించే హక్కు గడువు దాటిపోయి ఉండొచ్చు. కాగ్ శ్రమ విలువను నేను తక్కువ చేయడం లేదు. విధానాల లోపాలను పట్టుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు. కానీ ఒక ఊరి రోడ్డును కాపాడే పని దానివల్ల అయ్యేది కాదు.

ఆ పని చేయగల అనుభవం తెలుగు నేలకు ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దాన్ని అమలు చేసి, 2009లో ఆ పనికే ఒక సొసైటీ పెట్టింది. కూలి కుటుంబాల యువతకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, దొరికింది సభలో చదివి వినిపించడం దాని పద్ధతి. ఇదే పద్ధతిని రోడ్లకూ వాడవచ్చు. పల్లెవాసులకు ఇంజినీరింగ్ ఏం తెలుస్తుందన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. జానెడు మందం ఉందో లేదో చెప్పడానికి పట్టా అక్కర్లేదు. కాంట్రాక్టర్లకు స్థానిక రాజకీయ అండ ఉండడం అసలు ఇబ్బంది. తనిఖీ బృందాన్ని బయటి నుంచి పంపడం అందుకే అవసరం.

కాబట్టి ఎం-బుక్కులో కంకర పొర ఎక్కిన వెంటనే, బీటీ పడకముందే, ఆ పేజీని గ్రామసభలో చదవాలి. ఊరివాళ్లు చూపిన చోటే తవ్వి, వాళ్ల ఎదుటే కొలవాలి. ఆ కొలతల నకలు జతపరచనిదే బిల్లు పాస్ చేయకూడదు. దీన్ని పథకం మార్గదర్శకాల్లో ఒక నిబంధనగా చేర్చితే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు.