ఊడేవే కదా అని పాలపళ్లను వదిలేయొద్దు

తెనాలి, బాపట్ల, రేపల్లె: చంటిబిడ్డ పై వరుస ముందు పళ్లు పుచ్చి నల్లబడితే 'ఎటూ ఊడిపోయేవే కదా' అని ఊరుకునే తల్లిదండ్రులున్నారు. నొప్పితో బిడ్డ రాత్రంతా ఏడ్చాక పీకించేవారూ ఉన్నారు. ఈ పళ్లు దాదాపు ఏడాదిలోపు వచ్చి ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఊడతాయి. అంటే రెండో ఏట పాడైన పన్ను మరో నాలుగైదేళ్లు పనిచేయాల్సి ఉంటుంది. కొరకడానికే కాదు, మాటలు నేర్చే వయసులో పలుకుకూ అవి అవసరం. త, ద, న వంటి అక్షరాలను వ్యాకరణం దంత్యాలు అన్నది ఊరికే కాదు.

పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోవడం, తేనెలో ముంచిన పాలపీక ఇవ్వడం ఇందుకు ప్రధాన కారణాలు. నిద్రలో లాలాజలం తగ్గి, తీపి పై పళ్ల చుట్టూ నిలుస్తుంది. కింది పళ్లకు నాలుక అడ్డుగా ఉండటంతో అవి చాలావరకు బాగుంటాయి. పై పెదవి ఎత్తి వెలుతురులో చూస్తే చిగురు వెంట సున్నం గీత వంటి తెల్లచార కనిపిస్తుంది. తొలి హెచ్చరిక అదే. ఆ దశలో ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, రాత్రి సీసా మాన్పిస్తే పుచ్చు ఆగే అవకాశం ఉంది.

గుంట పడ్డాక అది తనంతట పూడదు. పుచ్చిన భాగం తీసి, పంటి ఆకారంలోని పారదర్శక తొడుగులో పంటి రంగు కాంపొజిట్ నింపి అమర్చి, నీలి కాంతితో గట్టిపరచి, తొడుగును ఒలిచేస్తారు. దీన్నే స్ట్రిప్ క్రౌన్ అంటారు. చిగురు నుంచి రక్తం, తడి తగిలితే ఇది అతకదు. జిర్కోనియా తొడుగులు గట్టివి, అయితే వాటికి పంటిని ఎక్కువగా అరగదీయాలి. పుచ్చు నరానికి చేరితే లోపల శుభ్రం చేసి, వేరుతోపాటు కరిగిపోయే మందు నింపుతారు. పెద్దల పళ్లలో నింపే పదార్థం ఇక్కడ పనికిరాదు, శాశ్వత పన్నుకు అడ్డొస్తుంది.

అసలు చిక్కు రెండేళ్ల బిడ్డను కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టడం. కొందరికి మత్తు ఇవ్వక తప్పదు. అంతవరకు ఆగేందుకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ చుక్క పూస్తారు. పుచ్చు చాలావరకు ఆగుతుంది, మచ్చ మాత్రం నల్లగా మిగులుతుంది. ఈ మాట తల్లిదండ్రులు ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. వేరు వద్ద చీము పట్టి, పన్ను నిలిచే స్థితి దాటితే తీయించడమే మేలు. ఆడుతూ పడి పూర్తిగా ఊడిన పాలపన్నును తిరిగి గుచ్చరాదు. లోపలి శాశ్వత పంటి మొగ్గ దెబ్బతింటుంది.

విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాల, గుంటూరు సమీపంలోని తక్కెళ్లపాడు సిబార్ దంతవైద్య కళాశాల ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. అక్కడ పిల్లల దంతవైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. రేపల్లె వాసులు తెనాలి మీదుగా రైలులో గుంటూరు చేరవచ్చు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లా ఏదైనా, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు జరిపే పరీక్షల జాబితాలో పుచ్చు పళ్లు కూడా ఉన్నాయి. వైద్య బృందం వచ్చిన రోజున బిడ్డ పై పెదవి ఎత్తి చూడమని తల్లులు అడగవచ్చు.