వాకిటి వసంతానికి వేసిన తేదీలు

ఇంగ్లండ్ తూర్పు భాగంలోని నార్‌ఫోక్ కౌంటీలో, నారిచ్ పట్టణానికి ఉత్తరంగా స్ట్రాటన్ స్ట్రాలెస్ అనే పల్లె ఉంది. అక్కడి భూస్వామి రాబర్ట్ మార్షమ్ (1708–1797) 1736లో ఒక అలవాటు మొదలుపెట్టాడు. చలి వెనకపట్టే రోజుల్లో తన ఇంటి చుట్టుపక్కల ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుందో, ఏ చెట్టు ఎప్పుడు ఆకు తొడిగిందో, ఏ పిట్ట మొదట ఎప్పుడు కూసిందో తేదీతో సహా రాసుకునేవాడు. బతికున్నంత కాలం, అంటే అరవై ఏళ్లకు పైగా, ఈ పని మానలేదు. పల్లెలో ఇంటి చుట్టూ వచ్చే వసంతాన్ని చూసి సంతోషించడం అన్ని చోట్లా ఉన్నదే. ఆ సంతోషానికి ఏటేటా తేదీ వేసి దాచిన వాళ్లు మాత్రం చాలా తక్కువ మంది.

మార్షమ్ గమనించిన గుర్తులు ఇరవై ఏడు. మంచు ఇంకా కరగకముందే తలవంచుకుని పూసే తెల్లని స్నోడ్రాప్, అడవి నేల మీద పరుచుకునే అనిమోన్, ముళ్ల కంచెల్లో పెరిగే హాథార్న్ పువ్వు, పదమూడు రకాల చెట్ల చిగుళ్లు, కప్పల బెకబెకలు, లేత పసుపు రంగు బ్రిమ్‌స్టోన్ సీతాకోకచిలుక, రూక్ అనే కాకిజాతి పక్షి గూడు కట్టడం, స్వాలో రాక, నైటింగేల్ పాట, కక్కూ కూత వంటివన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. కక్కూ అంటే తెలుగువారి నల్లకోకిల కాదు. పరాయి గూట్లో గుడ్డు పెట్టే గుణం రెండింటికీ ఒకటే అయినా అది వేరే పక్షి, కూతా వేరు.

చెట్లంటే మార్షమ్‌కు ప్రాణం. తాను నాటిన చెట్ల మొదళ్ల చుట్టుకొలత తీసి రాసుకునేవాడు. బీచ్ చెట్ల మాను మీద పట్టిన నాచును నీళ్లతో కడిగి రుద్దిస్తే అవి తొందరగా లావెక్కుతాయని నమ్మి, కడిగిన చెట్టునూ కడగని చెట్టునూ కొలిచి పోల్చి, ఆ ఫలితాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. వసంత గుర్తుల పట్టిక అదే సంస్థ పత్రికలో 1789లో అచ్చయింది. అంతకు చాలా ముందే స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఊరూరా పూల పంచాంగాలు రాయాలని సూచించాడు. ఆ ప్రేరణతో బెంజమిన్ స్టిల్లింగ్‌ఫ్లీట్ అనే ఇంగ్లిష్ పండితుడు 1755లో ఒక పూల పంచాంగం తయారుచేశాడు. అది రాసింది కూడా స్ట్రాటన్‌లో, మార్షమ్ ఇంట్లో ఉండే. అయితే ఆ పంచాంగం ఒక్క ఏడాదిది.

అదే కాలంలో, అక్కడికి చాలా దూరంగా దక్షిణాన హాంప్‌షైర్‌లో, గిల్బర్ట్ వైట్ (1720–1793) అనే చర్చి గురువు ఇలాంటి పనే చేస్తున్నాడు. పుట్టిన ఊరు సెల్బోర్న్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మళ్లీ అదే ఊరు చేరి, 'ది వేక్స్' అనే ఇంట్లో స్థిరపడ్డాడు. 1751 నుంచి తోట పనుల దినచర్య రాశాడు. 1768 నుంచి చనిపోయేదాకా ప్రకృతి దినచర్య రాశాడు. దానికి వాడిన అచ్చు కాగితాలను రూపొందించింది అతని మిత్రుడు, న్యాయవాది డెయిన్స్ బారింగ్టన్. గాలి, వాన, ఉష్ణోగ్రత, మొదటి చిగురు, మొదటి పువ్వు, వచ్చిన పక్షి, వెళ్లిన పక్షి, ఇలా ఒక్కోదానికి ఒక్కో గడి ఉండేది.

వైట్ గొప్పతనం అతని చెవిలో ఉంది. ఏప్రిల్‌లో సెల్బోర్న్ కొమ్మల్లో ఆకుపచ్చ, పసుపు కలిసిన చిన్న పిట్టలు తిరుగుతుంటాయి. చూపుకు అన్నీ ఒకటే. ఒక పిట్ట రెండే స్వరాలు మార్చి మార్చి పలుకుతుంది. ఒకటి పై స్థాయిలో అందుకుని మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది. మూడోది ఎత్తైన బీచ్ చెట్ల మీద వణికే ఈల వేస్తుంది. అవి మూడు వేరు వేరు జాతులని వైట్ పాటను బట్టి పోల్చి, తర్వాత కొలతలతో నిర్ధారించాడు. అతనికి అంతు చిక్కనిది స్వాలో పక్షుల సంగతి. చలికాలంలో అవి ఎక్కడికి పోతాయి? నీటి అడుగునో, కలుగుల్లోనో నిద్రపోతాయని అప్పటికి చాలామంది నమ్మకం. వైట్ తమ్ముడు జాన్ జిబ్రాల్టర్‌లో చర్చి గురువుగా ఉంటూ, వసంతంలో పక్షులు జలసంధి దాటుతుండగా చూసి రాశాడు. అది తెలిసినా, కొన్ని పిట్టలైనా ఊళ్లోనే దాక్కుంటాయేమోనన్న అనుమానం వైట్‌ను వదల్లేదు. ఎంతటి పరిశీలకుడైనా ఒక మనిషి ఒక్క ఊళ్లో కూర్చుని తేల్చగల విషయం కాదది.

వైట్ రాసిన లేఖలు 1789లో 'ది నేచురల్ హిస్టరీ ఆఫ్ సెల్బోర్న్' పేరుతో పుస్తకమయ్యాయి. అది చదివిన మార్షమ్, ఎనభై దాటిన వయసులో, 1790లో అతనికి ఉత్తరం రాశాడు. చిగుళ్లు, గూళ్లు, పాత చెట్ల కొలతలు, ఇవే వాళ్ల ఉత్తరాల నిండా. 1793 జూన్‌లో వైట్ మరణంతో అవి ఆగిపోయాయి. పాఠకుల్లో పేరొచ్చింది వైట్‌కే, అతని వచనం అంత హాయిగా ఉంటుంది. కానీ తర్వాతి కాలపు శాస్త్రానికి ఎక్కువ అక్కరకొచ్చింది మార్షమ్ వదిలిన ఎండు అంకెల పట్టికే.

అందుకు కారణం అతని వారసులు. మధ్యలో కొన్నేళ్లు ఖాళీ పడినా, తరం తర్వాత తరం అదే ఎస్టేటులో అవే గుర్తులను 1958 దాకా నమోదు చేశారు. మార్షమ్ తొలి సంవత్సరాల తేదీలను వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 1752 సెప్టెంబరులో బ్రిటన్ క్యాలెండర్ మార్చి పదకొండు రోజులు ఎగరగొట్టింది. అంతకుముందు తేదీలకు ఆ పదకొండు రోజులూ కలుపుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఈ విద్యకు 'ఫినాలజీ' అనే పేరు 1849లో బెల్జియం వృక్షశాస్త్రవేత్త షార్ల్ మోరెన్ పెట్టాడు. బ్రిటన్‌లో రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ 1875 నుంచి 1947 వరకు ఊరూరా పరిశీలకులతో ఇలాంటి నమోదు నడిపింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

భూతాపం చర్చకు వచ్చాక పాత పుస్తకాలు బయటికి తీశారు. టిమ్ స్పార్క్స్, పీటర్ కేరీ అనే పరిశోధకులు 1995లో మార్షమ్ కుటుంబపు లెక్కలను వాతావరణ వివరాలతో కలిపి చూశారు. చలికాలం చివర వెచ్చగా ఉన్న ఏడు చిగుళ్లు ముందే వచ్చాయి. కొద్ది డిగ్రీల తేడాకే ఓక్ చిగురు రోజుల తరబడి జరిగింది. ఇది చిన్న విషయం కాదు. ఓక్ లేతాకు తిని చిమ్మట గొంగళిపురుగు బలుస్తుంది. ఆ పురుగును ఏరి టిట్ పిట్టలు పిల్లల నోట్లో పెడతాయి. ఆకు ముదిరాక పురుగు పుట్టినా, పురుగు అయిపోయాక పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చినా ఆ ఏడు గూట్లో ఆకలే.

ఇంతకన్నా పాత లెక్కలు జపాన్‌లో ఉన్నాయి. క్యోటో చెర్రీపూల పండుగల ప్రస్తావనలు దినచర్యల్లో, చరిత్ర గ్రంథాల్లో 812వ సంవత్సరం నుంచి దొరుకుతాయి. వాటిని కూర్చి చూస్తే, 2021లో మార్చి 26న పూలు పూర్తిగా విచ్చుకోవడం అప్పటికి పన్నెండు వందల ఏళ్లలో అతి తొందర. అమెరికాలో కాంకర్డ్ ఊరి చుట్టూ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850లలో రాసుకున్న పూల తేదీలు కూడా ఇప్పుడు పోలికకు పనికొస్తున్నాయి.

తెలుగువారి వసంతానికి తేదీ చెప్పేది పంచాంగం. చాంద్రమానాన్ని బట్టి ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల మధ్య అటూ ఇటూ జరుగుతుంది. పచ్చడిలోకి కావలసిన వేపపువ్వు మాత్రం ఎండను, నేల తడిని బట్టి పూస్తుంది. కనుక పండుగ తేదీని చూసి పూత తేదీ చెప్పడం కుదరదు, పూతను విడిగా రాసుకోవలసిందే. భారతదేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లలతో, సామాన్యులతో ఈ పని చేయిస్తోంది. ఎంచుకున్న చెట్టు దగ్గరికి వారానికోసారి వెళ్లి, చిగురు, మొగ్గ, పువ్వు, కాయ ఏ మేరకు ఉన్నాయో నమోదు చేయాలి. ఆ చెట్ల జాబితాలో మామిడి, వేప, చింత, రేల ఉన్నాయి.