నిమ్మకాయ బండ్లు - కాగితముల వివాదము

క్రొత్త బండి కొన్నపుడు దాని చక్రముల క్రింద నిమ్మకాయలుంచి నడిపించుట మన యాచారము. అమెరికా దేశమున మాత్రము, ఎన్ని మారులు మరమ్మతు చేసినను బాగుపడని క్రొత్త బండికే నిమ్మకాయ యని పేరు. మన నిమ్మకాయ దోషమును పోగొట్టునది. వారి నిమ్మకాయ దోషమే. అట్టి బండ్ల వ్యాజ్యములలో కాగితములను గూర్చి పుట్టిన వివాదమును నేడు మనవి చేసెదను.

కాలిఫోర్నియా రాష్ట్రమున 1970లో సాంగ్-బెవర్లీ చట్టము చేయబడెను. హామీతో అమ్మిన వస్తువును తగినన్ని మారులు ప్రయత్నించియు బాగుచేయలేనిచో, తయారీదారు దానిని మార్చి యీయవలయును. లేదా సొమ్ము తిరిగి యీయవలయును. 1982లో క్రొత్త బండ్లను గూర్చి యీ నియమమును మరింత స్పష్టపరచిరి.

అయినను చట్టమున్నంత మాత్రమున సాక్ష్యము లభించునా? కొన్నవాని చేత నుండునవి రశీదులు, మరమ్మతు చీటీలు. అదే లోపము ఇతర బండ్లలో కనబడెనా, మరమ్మతుదారులకు కంపెనీ యే సూచనలు పంపెను అను సంగతులు కంపెనీ పెట్టెలలో నుండును. పూర్వము మన గ్రామములలో భూమి రైతుది, లెక్క కరణముది. లెక్క చూడనిదే రైతు తన హక్కును నిరూపించుకొనుట యెంత కష్టమో పెద్దలగు మీకు తెలియనిది కాదు.

ప్రతిపక్షిని కాగితము లడుగు హక్కు మన దేశమున 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో నున్నది. అమెరికా ఫెడరల్ న్యాయస్థానములలో 1938 నాటి నిబంధనలు అట్టి హక్కును విస్తరింపజేసినవి. కాని యేమున్నదో తెలియనివాడు ఏమని యడుగును? అందుచే 1993లో, అడుగకయే కొన్ని వివరములను మొదటనే తెలుపవలయునని నిబంధన చేసిరి. సుప్రీముకోర్టు న్యాయమూర్తి స్కాలియా దీనికి సమ్మతింపలేదు. న్యాయవాది తన నేర్పును ప్రతిపక్షికి తోడ్పడుటకు వినియోగింపవలసి వచ్చునని ఆయన యాక్షేపణ. 2000లో నిబంధనను కుదించిరి. తన వాదమునకు బలమగునది మొదట తెలిపిన చాలును. హాని చేయునది మాత్రము అడిగిననే గాని రాదు.

కాలిఫోర్నియాలో 2024లో మరియొక చట్టము వచ్చెను. బండి వ్యాజ్యమున ప్రతివాది జవాబు దాఖలు చేసిన 60 దినములలోపల ఉభయపక్షములును నియమిత పత్రములను అడుగకయే చూపవలయును. 150 దినములలోపల మధ్యవర్తి యెదుట కూర్చుండవలయును. దీనికి మారుగా వ్యాజ్యము వేయు గడువును తగ్గించిరి. కొనుగోలుదారుల పక్షమువారు కొందరు దీనిని నష్టమనిరి. తయారీదారులలోను ఏకాభిప్రాయము లేకపోయెను. కావున 2025లో, తామై సమ్మతించిన తయారీదారులకే యీ పద్ధతి వర్తించునట్లు సవరించిరి. ఒకమారు సమ్మతించినచో ఐదేండ్లు కట్టుబడి యుండవలయును.

వ్యాపార రహస్యములకు రక్షణ కావలయుననుట న్యాయమే. కాని రహస్యమును కాపాడుట వేరు, లోపమును దాచుట వేరు. ఒకని చేతనే సాక్ష్యమంతయు నుండగా, వాడు సమ్మతించిననే చూపవలయుననుట నాకు సబబుగా తోపదు. త్రాసు పట్టినవాడే తూకపురాళ్లను దాచుకొనినచో బరువు తేలునా?

ఆ చట్టము కొన్నవానిని కూడ తన కాగితములు చూపుమనుచున్నది. కావున రశీదును పారవేయకుడు. మరమ్మతు చీటీపై తేదీ వేయించుకొనుడు. బలహీనుని చేత నుండు సాక్ష్యము అదియే.