లారీ శాంటోస్

లారీ శాంటోస్ (జననం: 1975) అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు. ఆనందం గురించి పరిశోధకులు తేల్చిన సంగతులను మామూలు జనం దగ్గరకు తీసుకెళ్లిన వారిలో ముఖ్యురాలు. మాసచూసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, 2003లో అక్కడే డాక్టరేట్ పొందారు.

ఆమె చాలాకాలం పరిశోధించింది కోతుల బుద్ధిని. యేల్‌లో కాపుచిన్ కోతులకు లోహపు బిళ్లలిచ్చి, వాటితో తిండి కొనుక్కోవడం నేర్పారు. తిండి అమ్మే ఇద్దరిలో ఒకరు ఒక ఆపిల్ ముక్క చూపించి, అప్పుడప్పుడు రెండోది కొసరు వేస్తారు. మరొకరు రెండు చూపించి, అప్పుడప్పుడు ఒకటి వెనక్కి తీసుకుంటారు. సగటున ఇద్దరి దగ్గరా దొరికేది సమానమే. అయినా కోతులు కొసరు వేసేవారినే ఎక్కువగా ఎంచుకున్నాయి. ఆర్థికవేత్త కీత్ చెన్ తదితరులతో కలిసి చేసిన ఈ పరిశోధన 2006లో వెలువడింది. చేతికొచ్చినదాన్ని మరోదానితో పోల్చి తూచే ఈ గుణం మనలోనూ ఉంది. జీతం పెరిగిన రోజునే పక్కవాడి జీతం తెలిసి మనసు చిన్నబుచ్చుకోవడం అలాంటిదే. తర్వాత ఆమె చెప్పిన ఆనంద పాఠాల్లో ఈ పోలిక జబ్బుకు పెద్ద చోటే దక్కింది.

2016లో యేల్‌లో విద్యార్థులు నివసించే సిల్లిమన్ కాలేజీకి అధిపతి అయ్యాక ఆమె విద్యార్థుల మధ్యే నివసించారు. అంత పేరున్న చోట సీటు సాధించిన పిల్లలు ఒత్తిడితో, దిగులుతో నలిగిపోవడం కళ్లారా చూశారు. 2018 జనవరిలో ‘మనస్తత్వ శాస్త్రం, మంచి జీవితం’ అనే కోర్సు మొదలుపెట్టారు. సుమారు 1,200 మంది చేరారు, అంటే అక్కడి డిగ్రీ విద్యార్థుల్లో దాదాపు నాలుగో వంతు. యేల్ చరిత్రలో ఏ కోర్సుకూ అంతమంది రాలేదు. మామూలు తరగతి గదులు చాలక, కచేరీలు జరిగే వూల్సీ హాల్లో పాఠం చెప్పాల్సి వచ్చింది.

డబ్బు, మార్కులు, హోదా మనం ఊహించుకున్నంత ఆనందాన్ని ఇవ్వవన్నది కోర్సు సారం. ఇది మన పెద్దలూ చెప్పిన మాటే. శాంటోస్ ప్రత్యేకత ఆ తర్వాతి మెట్టులో ఉంది: తెలిసినంత మాత్రాన మనిషి మారడని ఆమె గట్టిగా చెప్పారు. అందుకే హోంవర్క్‌గా కంటినిండా నిద్రపోవడం, కృతజ్ఞతలు రాసుకోవడం, ఎదుటివారికి చిన్న సాయం చేయడం, ధ్యానం వంటివి ఇచ్చారు.

2018లోనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో ఈ పాఠాలను ఉచితంగా అందుబాటులో ఉంచారు. 30 లక్షల మందికి పైగా నమోదయ్యారు. 2021లో వెలువడిన అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో సాధారణ మనస్తత్వ శాస్త్రం చదివినవారి కంటే ఈ కోర్సు చదివినవారి మానసిక క్షేమం ఎక్కువ మెరుగుపడింది. అయితే అధ్యయన రచయితల్లో ఆమె కూడా ఒకరు, పాల్గొన్నవారు తమంతట తామే కోర్సు ఎంచుకున్నవారు. కాబట్టి దాన్ని తుది తీర్పుగా తీసుకోలేం. 2019లో ‘ది హ్యాపీనెస్ ల్యాబ్’ పాడ్‌కాస్ట్ ప్రారంభించారు.

2022లో తానే అలసిపోయానని బహిరంగంగా చెప్పి సెలవు తీసుకున్నారు. కొందరికి ఇది వింతగా తోచింది కానీ, ఆమె పాఠాలకు ఇంతకంటే నిజాయితీ గల ఆచరణ లేదు. 2023లో టీనేజీ పిల్లల కోసం ప్రత్యేకంగా రూపొందించిన ఉచిత కోర్సు విడుదలైంది.